జీవకుని వాకిట నిలిచిన పేదలు
(వైశాఖ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"బౌద్ధమూ వైద్యమూ" అన్న విషయం మీద ప్రసంగించవలసిందిగా కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను వైద్యుణ్ణి కాను, చరిత్ర పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అందుచేత ఔషధాల గుణాలను గురించి గాక, ఔషధం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న సంగతిని గురించి మాట్లాడతాను. ఈ పట్టణంలో బస్టాండు వెనుక వీధిలో రెండు గదుల్లో వైద్యం చేస్తున్న మిత్రులొకరు ఉన్నారు. కొన్నేళ్లుగా సాయంకాలాలు వారి దగ్గర కూర్చుని నేను చూసిన వాటిని కూడా మీ ముందుంచుతాను. పేరు చెప్పవద్దని వారు కోరారు, కనుక చెప్పను. ఈ సభలో సగం మందికి ఆయన ఎవరో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

బౌద్ధంలో వైద్యం అనగానే మనం జీవకుని కథ మొదలుపెడతాం. సాలవతి అనే గణిక కన్న బిడ్డ, చేటలో పెట్టి పెంటకుప్ప మీద పారవేస్తే అభయ రాజకుమారుడు తెచ్చి పెంచినవాడు, తక్షశిలలో 7 సంవత్సరాలు చదివినవాడు. ఔషధానికి పనికిరాని మొక్కను వెదకి తెమ్మని గురువు పంపితే యోజనం మేర తిరిగి ఒట్టి చేతులతో వచ్చినవాడు. ఇది మీకందరికీ తెలిసినదే. ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు ఈ వేదిక మీద చెబుతూనే ఉన్నారు.

ఆ కథలోనే మనం తక్కువగా చెప్పుకునే భాగం జీవకుని రుసుము. సాకేతంలో ఒక శ్రేష్ఠి భార్యకు 7 సంవత్సరాలుగా తలనొప్పి. జీవకుడు ఔషధంతో కాచిన నెయ్యి ముక్కులో పోశాడు. నోట వచ్చిన ఆ నేతిని ఆమె పాత్రలో ఉమిసి, దాసి చేత దూదితో ఎత్తించి దాపించింది. పారవేయవలసిన నేతిని దాచుకునే ఇల్లాలు నాకేమి ఇస్తుందని జీవకుడు కలవరపడ్డాడు. సేవకుల కాళ్లకు రాయడానికో, దీపంలో పోయడానికో పనికివస్తుంది, నీకు రావలసిన దానికి లోటు రాదులే అని ఆమె ధైర్యం చెప్పింది. చివరకు ఆ ఇంట నలుగురూ తలా 4,000 చొప్పున 16,000 కహాపణాలు ఇచ్చారు. గృహయజమాని దాసుణ్ణి, దాసిని, గుర్రపు రథాన్ని కూడా ఇచ్చాడు. రాజగృహంలో మరొక శ్రేష్ఠికి కపాలం తెరచి చికిత్స చేసినప్పుడు రాజుకు లక్ష, వైద్యునికి లక్ష ముట్టాయి. వినయపిటకం ఈ లెక్కలను ఏ సంకోచమూ లేకుండా రాసిపెట్టింది. బుద్ధునికీ సంఘానికీ జీవకుడు ఉచితంగా వైద్యం చేశాడన్న మాట నిజమే. కాని 16,000 కహాపణాలు లేని సామాన్య గృహస్థుడు జబ్బుపడితే ఎక్కడికి పోయాడు?

దీనికి సమాధానం మహావగ్గం మొదటి ఖండంలోనే ఉంది. మగధలో ఐదు వ్యాధులు ప్రబలాయి: కుష్ఠు, గడ్డలు, చర్మవ్యాధి, క్షయ, మూర్ఛ. వాటి పాలబడినవారు జీవకుని వాకిట నిలిచి వైద్యం చేయమని వేడుకున్నారు. నాకు తీరికలేదు, బింబిసార మహారాజును, అంతఃపురాన్ని, బుద్ధుడు ముందుగా గల సంఘాన్ని చూసుకోవాలని జీవకుడు చెప్పాడు. మా సర్వస్వమూ మీదే, మేము మీకు దాసులమవుతామని వారన్నారు. అయినా కుదరదన్నాడు. అప్పుడు వారికి ఒక ఉపాయం తోచింది. శాక్యశ్రమణులకు ఈయన వైద్యం చేస్తున్నాడు గదా, తలలు గొరిగించుకుని సంఘంలో చేరితే మనకూ చేస్తాడు. చేరారు. భిక్షువులు శుశ్రూష చేశారు, జీవకుడు మందిచ్చాడు. నయమైన తరువాత కాషాయం విడిచి ఇళ్లకు పోయారు.

రోగుల సంఖ్య పెరిగింది. రోగులకు అన్నం, పరిచారకులకు అన్నం, మందులు ఇమ్మని భిక్షువులు గృహస్థుల ఇళ్ల ముందు అడుగుతూ తిరగవలసి వచ్చింది. జీవకునికి రాజకార్యం ఒకటి తప్పిపోయింది. కాషాయం విడిచిపోయిన ఒకతను వీధిలో ఎదురుపడి జరిగినది దాచకుండా చెప్పగా, జీవకుడు వెళ్లి బుద్ధునికి విన్నవించాడు. ఆ ఐదు వ్యాధులున్నవారికి ప్రవ్రజ్య ఇవ్వరాదని నియమం ఏర్పడింది.

మన ప్రచురణల్లో చాలామంది ఈ ఘట్టాన్ని దాటవేస్తారు. బుద్ధుడు రోగులను సంఘంలో చేర్చుకోవద్దన్నాడా అని ఎవరైనా అడిగితే ఇబ్బందిపడతారు. దాటవేయవలసిన అవసరం నాకు కనిపించదు. చరిత్ర విద్యార్థికి ఇది అరుదైన సాక్ష్యం. మగధ వంటి సంపన్న రాజ్యంలో రాజభవనానికి, శ్రేష్ఠుల ఇళ్లకు, సంఘారామానికి వెలుపల ఉన్న మనిషికి మేలైన వైద్యం పొందే దారి లేదని ఇది చెబుతోంది. మందు కోసం మనిషి తల గొరిగించుకున్నాడు, భార్యాబిడ్డలను విడిచి వచ్చాడు. అతణ్ణి వంచకుడని అనడానికి నాకు నోరు రాదు. సంఘం కూడా భిక్షాన్నం మీద బతికే వ్యవస్థ. ఒక దేశపు రోగులందరినీ మోయడం దాని శక్తికి మించిన పని. తలుపు మూసినది సంఘమే, అయితే ఆ తలుపు దగ్గరకు అంతమందిని తరిమినది మగధ సమాజం.

మా వైద్య మిత్రుల గదిలో కూర్చున్నప్పుడు ఈ ఘట్టం నాకు పదే పదే గుర్తుకు వస్తుంది. పల్నాడులో మిరపకోతల కాలం వస్తే ఆయన బెంచీలు ఖాళీ అవుతాయి. జబ్బులు తగ్గి కాదు. కోత ఉన్న రోజున ఆసుపత్రికి వస్తే ఆ పూట కూలి పోతుంది, పంపిన మేస్త్రీ మరునాడు పిలవడు. కోతలయ్యాక ఒక్కసారిగా వస్తారు. అప్పటికి జ్వరం న్యుమోనియా అయి ఉంటుంది, కాలి పుండు చీము పట్టి ఉంటుంది.

రక్తపోటు ఉన్న ఒక తల్లి వస్తుంది. బిళ్లలు వేసుకుంటున్నావా అని అడిగితే, వేసుకుంటున్నానయ్యా అంటుంది. అది అబద్ధం కాదు, వేసుకుంటూనే ఉంది, దినం విడిచి దినం. నెలకు సరిపడే బిళ్లలను రెండు నెలలకు సాగదీస్తోంది. అందుకని ఆయన ఆ ప్రశ్న అడగడం మానివేశారు. "షీటు చూపించమ్మా, ఎన్ని మిగిలాయో చూద్దాం" అంటారు. మిగిలిన బిళ్లలు లెక్కపెడితే ఆ ఇంటి పరిస్థితి తెలిసిపోతుంది. అప్పుడు ఆమెను మందలించకుండా, అదే మందులో తక్కువ ధరదాన్ని రాసిస్తారు. ఐదు రోజుల మందు రాస్తే షాపులో రెండు రోజులకే కత్తిరించి ఇమ్మని అడిగేవారు చాలామంది. జ్వరం తగ్గితే మిగతావి కొనరు. ఆ సగం మందుతో లోపలి క్రిములు చావకుండా మందుకు అలవాటు పడతాయని ఆయన ప్రతిరోజూ చెబుతూనే ఉంటారు.

మరొకటి సెలైన్ సీసా. "ఒక బాటిల్ ఎక్కించండి సారూ, నీరసంగా ఉంది" అని అడగని కూలీ ఉండదు. నోటితో తాగగలిగిన మనిషికి అది అక్కరలేదు, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు చాలు. ఈ సంగతి చెబితే కొందరు ఆయన దగ్గర మానుకుని ఆర్‌ఎంపీ దగ్గరకు పోయి ఎక్కించుకుంటారు. చదువుకున్న మనం దీన్ని అజ్ఞానమని కొట్టిపారేస్తాం. ఆయన చెప్పిన మాట వేరు: "మాస్టారూ, ఆ సీసా ఎక్కుతున్న రెండు గంటలే ఆమెకు పగటిపూట పడుకునే హక్కు. ఇంటి దగ్గర పడుకుంటే అత్త ఊరుకోదు, మొగుడు ఊరుకోడు. చేతికి సూది ఉంటే ఎవరూ ఏమీ అనరు." ఇప్పుడాయన అటువంటి వారిని లోపలి గదిలో మంచం మీద ఒక గంట పడుకోమంటారు, సీసా లేకుండా. వెంట వచ్చినవారితో, పరీక్షలో ఉంచాను, కదపవద్దు అని చెబుతారు.

మహావగ్గం చీవర ఖండంలో రోగిని గురించి ఒక పట్టిక ఉంది. ఎటువంటి రోగికి శుశ్రూష చేయడం కష్టం? పథ్యం పాటించనివాడు, అందులో మితం తెలియనివాడు, మందు వేసుకోనివాడు, రోగం పెరుగుతోందో తగ్గుతోందో ఉన్నది ఉన్నట్టు చెప్పనివాడు, బాధను ఓర్చుకోలేనివాడు. నేను దీన్ని తరగతిలో చాలాసార్లు చెప్పాను. ఒకనాడు మా మిత్రునికి చదివి వినిపిస్తే ఆయన నవ్వి, "ఈ ఐదుగురూ ఇవాళ పొద్దుట నా దగ్గరికి వచ్చారు" అన్నారు. కాసేపాగి, ఇందులో నాలుగింటికి కారణం డబ్బే అన్నారు. పథ్యం అంటే కొనుక్కోవలసిన తిండి. మందు వేసుకోకపోవడమంటే కొనలేకపోవడం. రెండు నెలలుగా దగ్గుతున్నవాడు రెండు రోజులే అని చెప్పడం భయం వల్ల: క్షయ అని తేలితే పనిలోకి రానివ్వరు, ఇంటివాడు ఖాళీ చేయమంటాడు. క్షయకు ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, తెమడ పరీక్ష కూడా ఉచితమే. కాని ఆరు నెలల చికిత్సలో మొదటి రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఒంట్లో బలం వస్తుంది. బలం వచ్చినవాడు కూలికి పోతాడు. మిగిలిన నాలుగు నెలలూ మందు ఆగకుండా చూడటమే కష్టమైన పని. ఐదవ లక్షణం, ఓర్చుకోలేకపోవడం, తమ రోగుల్లో కనబడలేదని ఆయన అంటారు. వారు ఓర్చుకోవలసిన దానికంటె ఎక్కువ ఓర్చుకునే ఆలస్యంగా వస్తున్నారట.

ఫీజు సంగతి కూడా చెప్పాలి. ఉన్నవారు ఇస్తారు, లేనివారు పంట వచ్చాక ఇస్తామంటారు, కొందరు సంచిలో సొరకాయలో కందులో తెచ్చి బల్ల కింద పెట్టి పోతారు. బాకీలు రాసే పుస్తకం ఆయన దగ్గర లేదు. మొదట్లో ఉండేదట. బాకీ ఉన్నవాడు ఆ వీధిలోకి రాకుండా తప్పించుకుని పోయి, జబ్బు ముదిరాక మరొకరి దగ్గర చేరుతున్నాడని గమనించి ఆ పుస్తకం తీసివేశారు.

ఆ పట్టిక పక్కనే మహావగ్గంలో పరిచారకుని లక్షణాలు కూడా ఉన్నాయి. మందు తయారు చేయగలగాలి, మేలుచేసేదీ కీడుచేసేదీ తెలియాలి, లాభాపేక్షతో గాక మైత్రితో చేయాలి, మలమూత్రాలను, వాంతిని ఎత్తడానికి ఏవగించుకోరాదు, మంచి మాటలతో రోగికి ఊరట కలిగించాలి. ఈ రెండు పట్టికలకూ సందర్భమైన సంఘటన మీరు విన్నదే. అతిసారంతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు చూశాడు. నీకు పరిచారకుడు లేడా అని అడిగాడు. లేడన్నాడు. ఎందువల్ల అంటే, నేను భిక్షువులకు ఏ ఉపకారమూ చేసేవాణ్ణి కాను, అందుకని వారు నన్ను చూడరు అన్నాడు. ఆనందుడు నీళ్లు తెచ్చాడు. బుద్ధుడు నీళ్లు పోయగా ఆనందుడు కడిగాడు. తల వైపు బుద్ధుడు, కాళ్ల వైపు ఆనందుడు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు.

ఇక్కడ ఆ భిక్షువు చెప్పిన కారణాన్ని గమనించండి. అతణ్ణి ఎవరూ ద్వేషించలేదు, ఇతరులకు ఉపయోగపడలేదు కనుక విడిచిపెట్టారు. మొన్న కోతల్లో ఒక ముసలమ్మ ఒంటరిగా వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఎవరూ రాలేదా పెద్దమ్మా అని డాక్టరుగారు అడిగారు. "పనికి పోలేని దాన్ని, నా ఎంట ఎవరొత్తారయ్యా? ఆళ్ల కూలి పోదా?" అంది. కొడుకు మీద కోపమేమీ లేదు ఆమె గొంతులో. లెక్క చెప్పింది, అంతే.

ఆ సంఘటన తరువాత బుద్ధుడు చేసిన నియమం చాలా ఆచరణాత్మకమైనది. గురువు జబ్బుపడితే శిష్యుడు, శిష్యుడు జబ్బుపడితే గురువు, కోలుకునే వరకు చూడాలి. ఎవరూ లేనివాణ్ణి సంఘమే చూడాలి. చూడకపోతే దోషం. జాలి కలిగితే చూడమనలేదు, కలగకపోయినా చూడవలసిందే. చనిపోయిన భిక్షువు పాత్రను, చీవరాలను అతనికి శుశ్రూష చేసినవారికి సంఘం ఇవ్వాలని కూడా అక్కడే ఉంది. చూసినవాని శ్రమకు ఒక లెక్క ఉండాలని వినయకర్తలు గుర్తించారు. ఆ ముసలమ్మ కొడుకు కూలిని గురించి మనమెవరం అడగలేదు.

డబ్బు ఒక్కటే అడ్డయి ఉంటే మన వారి చరిత్ర మరో విధంగా ఉండేది. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో కాఠియావాడ్‌కు చెందిన ఒక అస్పృశ్య ఉపాధ్యాయుని ఉదంతాన్ని చేర్చారు. ఆయన ఉత్తరం 1929 డిసెంబరు 12 నాటి 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. బాలింత అయిన భార్యకు జబ్బుచేసింది. వాడకు రానన్నాడు వైద్యుడు. ఊరి పెద్దలు చెప్పగా, రెండు రూపాయల ఫీజుకు హామీ ఉండగా, వాడ వెలుపలికి తీసుకువస్తేనే చూస్తానన్నాడు. పసిబిడ్డతో సహా ఆమెను బయటికి తెచ్చారు. వైద్యుడు థర్మామీటరును ఒక ముస్లిం చేతికి, అతడు భర్త చేతికి, భర్త భార్యకు ఇచ్చి, అదే వరుసలో తిరిగి తీసుకున్నారు. దీపం వెలుగులో చూసి న్యుమోనియా అని చెప్పి వెళ్లిపోయి మందు పంపాడు. తరువాత ఫీజు ఇచ్చినా చూడటానికి రాలేదు. ఆమె మరణించింది. వైద్యం అక్కడే ఉంది, రుసుము చెల్లింది, నాడి పట్టే చెయ్యి మాత్రం రాలేదు. మలంలో పడిన భిక్షువును తల వైపు పట్టుకున్న చేతులను గురించి 1956లో నాగపూర్‌లో దీక్ష తీసుకున్న తరం వారికి ఎవరూ వివరించవలసిన అవసరం లేకపోయింది.

మా మిత్రులు ప్రతి రోగి చెయ్యి పట్టుకుని నాడి చూస్తారు. యంత్రం ఉండగా ఎందుకని ఒకసారి అడిగాను. మా పెద్దల చెయ్యి ఎవరూ పట్టుకోలేదు మాస్టారూ, వీళ్లకు అది గుర్తుంది అన్నారు.

మళ్లీ చరిత్రకు వస్తాను. జీవకుని వాకిట నిలిచినవారికి సమాధానం రెండు శతాబ్దాలకు పైబడిన తరువాత రాతి మీద దొరుకుతుంది. దానికోసం మనం బీహారు పోనక్కరలేదు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుని ప్రధాన శిలాశాసనాలున్నాయి. రెండవ శాసనంలో మనుషులకూ పశువులకూ రెండు విధాల చికిత్స ఏర్పాటు చేసినట్లు, మూలికలు లేని చోటికి తెప్పించి నాటించినట్లు, దారుల వెంట బావులు తవ్వించినట్లు ఉంది. చోళ, పాండ్య, తామ్రపర్ణి దాకా, యవనరాజు అంతియోకుని రాజ్యం దాకా అని కూడా చెప్పాడు. మగధలో జరిగినదాన్ని దృష్టిలో పెట్టుకునే అశోకుడు ఇది వేయించాడని నేను అనను, అందుకు ఆధారం లేదు. కాని సంఘం మోయలేకపోయిన భారాన్ని రాజ్యం తనదిగా ప్రకటించడం మన చరిత్రలో చిన్న విషయం కాదు.

క్రీ.శ. 5వ శతాబ్దపు ఆరంభంలో ఫాహియాన్ పాటలీపుత్రంలో చూసిన వైద్యశాలల్లో పేదలు, అనాథలు, అంగవికలురు వచ్చి, అన్నమూ మందూ ఉచితంగా పొంది, నయమయ్యాక తమంత తాము వెళ్లేవారు. ఖర్చు గృహస్థులది. మన నాగార్జునకొండ శాసనాల్లో ఒకదానిలో 'విగత జ్వరాలయ' అనే మాటను పండితులు గుర్తించారు. గుంటూరు సీమలోనే 1261 నాటి మల్కాపురం శాసనంలో గ్రామాదాయం నుంచి ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు ఏర్పాటు ఉంది. అది శైవ మఠానిది, మనది కాదని పక్కన పెట్టరాదు. పురిటి నొప్పులకు మతం లేదు గదా.

నేటి సంగతి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వల్ల గుండె ఆపరేషన్ల వంటివి పేదలకు అందాయి. దానిని తక్కువ చేయను. అయితే పెద్ద జబ్బుకు దారి ఏర్పడిందిగాని, దానికి ముందుండే చిన్న జబ్బు అలాగే ఉంది. ప్రతి నెలా కొనవలసిన బీపీ బిళ్ల, షుగరు బిళ్ల, బస్సు చార్జీ, వెంట వచ్చినవాని కూలి ఇవే మనిషిని ఆపుతున్నాయి. గుంటూరు తీసుకుపొమ్మని డాక్టరు చీటీ రాయగానే ఇంటివారు ముందు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాని దగ్గరకు పోతారు. అక్కడి పెద్దాసుపత్రిలో ఏ గదికి పోవాలో తెలియక సగం మంది సాయంత్రం బస్సుకు తిరిగి వస్తారు.

మన సంఘం ప్రతి వైశాఖ పూర్ణిమకు ఉచిత వైద్య శిబిరం పెడుతోంది. మంచి పనే. ఈసారి మా మిత్రుణ్ణి రమ్మని పిలిస్తే, వస్తాను గాని మూడు రోజుల మందులిచ్చి పంపినవాళ్లకు నాలుగో రోజు ఎవరిస్తారు అని అడిగారు. బీపీకి మూడు రోజుల మందు ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడం మేలు, నయమైందనుకుని మానేస్తారు అన్నారు. మీకేమి కావాలని అడిగితే డబ్బు అడగలేదు. వారానికి రెండు సాయంకాలాలు బెంచీ దగ్గర కూర్చుని, చీటీలో ఏముందో, ఏ బిళ్ల ఎప్పుడు వేసుకోవాలో చదవడం రానివారికి చెప్పే మనిషి కావాలన్నారు. గుంటూరు చీటీ రాసినప్పుడు వెంట పోయి, ఆసుపత్రిలో ఆ గదీ ఈ గదీ చూపించి, తిరిగి ఇంటికి చేర్చే మనిషి కావాలన్నారు. క్షయ మందు వాడుతున్న పదకొండుమంది పేర్లు ఇచ్చి, నెలకొకసారి వారి ఇంటికి పోయి షీటు చూసి రమ్మన్నారు.

శిబిరానికి కేటాయించిన సొమ్ములో సగాన్ని వెంట పోయేవారి బస్సు చార్జీకి, ఆ పూట కూలికి మళ్లించాలని నేను కార్యవర్గానికి రాతపూర్వకంగా ప్రతిపాదించాను. వచ్చే ఆదివారం చర్చకు వస్తుంది. అంగీకరించని సభ్యులున్నారు, వారి అభ్యంతరాలు కూడా వినవలసినవే. మా కళాశాల విద్యార్థులు ఆరుగురు ఇప్పటికే మంగళ, శుక్రవారాలకు పేర్లిచ్చారు. క్షయ రోగుల ఇళ్లకు వెళ్లడానికి మాత్రం ఇంకా ఇద్దరే దొరికారు, ఆ ఇద్దరూ మహిళలే. పేరు ఇవ్వదలచినవారు భోజనాల తరువాత పుస్తకాల బల్ల దగ్గర నన్ను కలవవచ్చు.